కట్టుకునే ఆటకు వారానికి ఒక గంట

సంపాదకులకు,

నమస్కారం. ఇంటర్ ఫలితాలు వెలువడినప్పుడల్లా, ఏదో ఒక హాస్టల్ నుంచి చేదువార్త వచ్చినప్పుడల్లా పిల్లల మానసిక ఒత్తిడి గురించి పత్రికల్లో నాలుగు రోజులు చర్చ జరుగుతుంది. వైద్యులు సలహాలు ఇస్తారు, అధికారులు కమిటీలు వేస్తారు, తల్లిదండ్రులు పిల్లలతో మనసు విప్పి మాట్లాడాలని అందరూ చెబుతారు. ఆ చివరి సలహా దగ్గరే నాకు ఎప్పుడూ సందేహం. పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లవాడిని ఎదురుగా కూర్చోబెట్టుకుని "నీ మనసులో ఏముందో చెప్పరా" అంటే వాడు చెప్పగలడా? విజయవాడ నగరపాలక సంస్థ పాఠశాలల్లో క్రాఫ్ట్ టీచరుగా పనిచేసి విరమించిన నాకు ఆ ప్రశ్నకు వచ్చిన జవాబు దాదాపు ఎప్పుడూ "ఏం లేదు టీచర్" అన్నదే. అదే పిల్లవాడి చేతికి నాలుగు అట్టముక్కలు, కాస్త జిగురు ఇచ్చి పక్కన కూర్చుంటే, పని మధ్యలో, తల ఎత్తకుండానే, ఎవరూ అడగని సంగతులు చెబుతాడు. కట్టుకునే ఆట వల్ల పిల్లల మనసుకు కలిగే ఈ మేలును మన బడులు, ఇంటర్ కళాశాలలు గుర్తించి, దానికి వారానికి ఒక గంటైనా కేటాయించాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

ముందుగా, నేను దేని గురించి చెబుతున్నానో స్పష్టం చేస్తాను. చెక్కదిమ్మెలు, ఒకదానిలో ఒకటి బిగిసే ప్లాస్టిక్ ఇటుకలు, బంకమట్టి, తడి ఇసుక, అగ్గిపెట్టెలు, ఐస్‌క్రీం పుల్లలు, మందుల అట్టపెట్టెలు, ఇలాంటి వాటితో పిల్లలు తమకు తోచినట్టు ఏదో ఒకటి నిలబెట్టి, నచ్చకపోతే విప్పి, మళ్లీ కట్టుకునే ఆట గురించి చెబుతున్నాను. దానికి మార్కులు ఉండవు, గెలుపోటములు ఉండవు, సాయంత్రానికి అది పూర్తి కావాలన్న నియమమూ ఉండదు. దీన్ని దయచేసి ప్రాజెక్టు వర్కుతో కలపవద్దు. ప్రాజెక్టు వర్కు పేరిట మన ఇళ్లలో జరిగేది అందరికీ తెలిసినదే. రాత్రి పది గంటలకు తండ్రి థర్మోకోల్ కోస్తాడు, తల్లి రంగులు వేస్తుంది, ఉదయం పిల్లవాడు దాన్ని ఆటోలో విరగకుండా బడికి మోసుకెళతాడు. ఆ నమూనాకు మొదటి బహుమతి వస్తే ఎవరికి ఇవ్వాలన్నది ఇప్పటికీ తేలని ప్రశ్న.

కట్టుకునే ఆట మనకు కొత్తది కాదు. కృష్ణ ఒడ్డున పెరిగినవాళ్లలో పిచ్చుక గూళ్లు కట్టనివారు ఉండరు. పాదం మీద తడి ఇసుక పోసి, అరచేత్తో గట్టిగా తట్టి, పాదాన్ని మెల్లగా వెనక్కి లాగితే గూడు నిలుస్తుంది, తొందరపడితే కూలుతుంది, కూలితే మళ్లీ పాదం పెట్టడమే. జొన్నదంటు బెండును ముక్కలు చేసి, దానికే చీల్చిన పేడులు గుచ్చి ఎడ్లబండ్లు చేసిన తరం ఇంకా మన మధ్య ఉంది. పెద్దలకు కూడా ఈ ఆట ఉండేది. బొమ్మల కొలువు పెట్టే ఇళ్లలో మెట్ల కింద ఇసుక పరిచి, ఆవాలో మెంతులో చల్లి మొలకెత్తించి పచ్చిక చేసి, అద్దం ముక్కతో చెరువు పెట్టి, దాని చుట్టూ ఊరు కట్టే పని పిల్లలకన్నా పెద్దవాళ్లే ఎక్కువ ఇష్టంగా చేసేవారు. మధ్యాహ్నం వంట ముగించుకుని ఆ మెట్ల ముందు కూర్చున్న అత్తాకోడళ్లు, కొండపల్లి ఏనుగు అంబారీ ఏ మెట్టు మీద ఉండాలన్న విషయం మీద మాట్లాడుకుంటూనే, నెలల తరబడి మాట్లాడుకోని సంగతులు కూడా మాట్లాడుకోవడం నేను చూశాను. ఇప్పుడు అపార్టుమెంటులో కొలువుకు చోటు లేదు, పక్కన కొత్త కట్టడానికి పోసిన ఇసుక కుప్ప ఎక్కితే వాచ్‌మన్ తరిమేస్తాడు. ఆ వాచ్‌మన్ పిల్లలు మాత్రం రాత్రిపూట అదే కుప్ప మీద కోటలు కడుతుంటారు.

విద్యావేత్తలు ఈ ఆటను ఎప్పుడో గుర్తించారు. జర్మనీలో ఫ్రెడరిక్ ఫ్రోబెల్ 1837లో చిన్నపిల్లల కోసం బడి తెరిచినప్పుడు పలకా బలపమూ కాకుండా చెక్కతో చేసిన గోళాలు, ఘనాలు, దిమ్మెలు వారి చేతికి ఇచ్చాడు. ఒక్క సెంటీమీటరు ఘనం నుంచి పది సెంటీమీటర్ల ఘనం వరకు పది గులాబీరంగు దిమ్మెలను ఒకదానిపై ఒకటి పేర్చే మరియా మాంటిస్సోరి గోపురం ఇప్పటికీ ఎన్నో బడుల్లో కనిపిస్తుంది. ఆమె 1939లో మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధకాలంలో ఈ దేశంలోనే ఉండి, ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. ఆమె పేరు పెట్టుకున్న బడులు మన నగరంలో వీధికొకటి ఉన్నాయి. వాటిలో ఎన్నింటిలో ఆ దిమ్మెలు పిల్లల చేతికి అందే ఎత్తులో ఉన్నాయో, ఎన్నింటిలో ప్రిన్సిపాల్ గది అద్దాల బీరువాలో ఉన్నాయో తల్లిదండ్రులు ఒకసారి గమనిస్తే బాగుంటుంది.

ఆటను మానసిక ఆరోగ్యానికి నేరుగా వాడుకున్న ఉదాహరణ కూడా ఉంది. ఆటిజం ఉన్న పిల్లలతో పనిచేసిన డేనియల్ లెగాఫ్ అనే అమెరికా మానసిక నిపుణుడు, తన క్లినిక్‌లో తమ వంతు కోసం వేచి ఉన్న ఇద్దరు పిల్లలు తాము ఇళ్ల నుంచి తెచ్చుకున్న లెగో (ఒకదానిలో ఒకటి బిగిసే ప్లాస్టిక్ ఇటుకల) బొమ్మలను ఒకరికొకరు చూపించుకుంటూ మాట్లాడుకోవడం గమనించాడు. మాట కలపడానికే కష్టపడే పిల్లలు వారు. ఆ గమనింపు నుంచి ఆయన ఒక పద్ధతి తయారుచేసి, దాని ఫలితాలను 2004లో ప్రచురించాడు. ఆ పద్ధతిలో ముగ్గురు పిల్లలు కలిసి ఒకే బొమ్మ కడతారు. ఒకరు ఇంజినీరు, పటం చూసి ఏ ముక్క కావాలో, అది ఎక్కడ పెట్టాలో చెబుతారు. రెండోవారు సరుకు అందించేవారు. కుప్పలో వెతికి ఆ ముక్క ఇస్తారు. మూడోవారు కట్టేవారు. కొంతసేపటికి పాత్రలు మార్చుకుంటారు. ఇంజినీరు సరిగా చెప్పకపోతే పని ఆగిపోతుంది, కట్టేవాడు వినకపోతే బొమ్మ వంకర పోతుంది. అందువల్ల అడగడం, వినడం, తన వంతు కోసం ఆగడం ఎవరూ బోధించకుండానే అవసరమవుతాయి. తర్వాత బ్రిటన్ బడుల్లో పెద్ద ఎత్తున జరిపిన పరిశీలనలో ఈ పద్ధతి వల్ల పిల్లల సాంఘిక నైపుణ్యాలలో మెరుగు కనిపించింది, అయితే అది చిన్న మెరుగే. ఈ రెండో మాట కూడా చెప్పడం న్యాయమని రాస్తున్నాను. అద్భుతాలు చేస్తామని బోర్డు పెట్టే శిక్షణ కేంద్రాలు రేపు దీన్ని కూడా ప్యాకేజీగా అమ్మగలవు.

మన నగరంలోనే నేను దగ్గర నుంచి చూసినది ఒకటి చెబుతాను. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, వాంబే కాలనీ ప్రాంతాలు మునిగిపోయినప్పుడు, ఎన్నో కుటుంబాలు పై అంతస్తుల్లో, డాబాల మీద రోజుల తరబడి గడిపాయి. పడవల మీద, చివరికి డ్రోన్ల మీద భోజనం పొట్లాలు అందాయి. నీళ్లు తీసిన తర్వాత ఆ ప్రాంతంలోని ఒక బడి ప్రధానోపాధ్యాయురాలు, పిల్లలు పాఠాల మీద ధ్యాస పెట్టలేకపోతున్నారని, వచ్చి ఏదైనా చేయించమని నన్ను పిలిచారు. గోడల మీద ఇంకా బురద గీత ఉంది. పుస్తకాలు చాలామందికి లేవు. నేను తీసుకెళ్లినవి ఖాళీ అగ్గిపెట్టెలు, ఐస్‌క్రీం పుల్లలు, మందుల దుకాణాల్లో అడిగి తెచ్చిన అట్టపెట్టెలు, ఇంట్లో కాచిన మైదా జిగురు. వరద గురించి కట్టమని నేను చెప్పలేదు. ఇష్టం వచ్చింది కట్టుకోమన్నాను.

ఎక్కువమంది ఇళ్లే కట్టారు. ఆరో తరగతి పిల్లవాడొకడు అట్టపెట్టె మీద అట్టపెట్టె పెట్టి డాబా ఇల్లు చేశాడు, తర్వాత ఐస్‌క్రీం పుల్లలను ఒక్కొక్కటిగా అంటిస్తూ డాబా నుంచి గోడ బయటి వైపుగా మెట్లు దించాడు. ఆ మెట్లు నేల దాకా రాలేదు, మధ్యలోనే ఆగిపోయాయి. "ఈ మెట్లు ఎక్కడికిరా?" అని అడిగాను. "పడవలోకి టీచర్" అన్నాడు. వాళ్ల నానమ్మకు మోకాళ్ల నొప్పులట. పడవ వచ్చినా పిట్టగోడ మీదుగా దిగలేకపోయిందట, అందుకని ఇంటిల్లిపాదీ ఆ పడవను వదిలేసుకుని మరో రాత్రి డాబా మీదే ఉన్నారట. "మెట్లుంటే దిగేది" అంటూ పుల్లకు జిగురు రాసుకున్నాడు. ఆ తర్వాత అరగంటసేపు ఆ రాత్రి గురించి, నీళ్లలో తేలిన గ్యాస్ సిలిండర్ గురించి, కరెంటు లేని చీకటి గురించి, నాకు కాదు, పక్కన కూర్చున్న స్నేహితుడికి చెబుతూ పనిచేశాడు. ఆ నానమ్మ క్షేమంగానే ఉందని తర్వాత ప్రధానోపాధ్యాయురాలు చెప్పారు. అదే గదిలో ఒక అమ్మాయి ఏమీ కట్టలేదు. అగ్గిపెట్టెలను బొమ్మల వారీగా ఏరి, వరసలు పెట్టి, ఆ వరసలను సరిచేస్తూ కూర్చుంది. ఆమెను ఏదైనా కట్టమని నేను ఒత్తిడి చేయలేదు. అన్నీ చెల్లాచెదురైన ఇంట్లోంచి వచ్చిన పిల్లకు వరస పెట్టుకోవడమే ఆ రోజుకు కావలసిన పని అయి ఉండవచ్చు.

ఇది ఎందుకు పనిచేస్తుందని నన్ను అడిగితే, నాకు అర్థమైనంతలో కారణాలు సామాన్యమైనవే. చూపులు చేతిలోని వస్తువు మీద ఉంటాయి కాబట్టి ఎదుటివారి ముఖం చూస్తూ మాట్లాడవలసిన ఇబ్బంది ఉండదు. బాధ లోపల ఉన్నంతకాలం అది పెద్దదో చిన్నదో తెలియదు. ఒక పెట్టె, నాలుగు పుల్లలుగా బయటికి వచ్చాక దాన్ని చుట్టూ తిరిగి చూడవచ్చు, మార్చవచ్చు, విప్పేయవచ్చు. వరదలోనో, ఇంట్లో గొడవలోనో, తరగతిలో ఎదురైన అవమానంలోనో తన చేతిలో ఏమీ లేదని తెలుసుకున్న పిల్లవాడికి, ఈ బల్ల మీద ఏ ముక్క ఎక్కడ ఉండాలో నిర్ణయించేది తానే. పైగా ఇక్కడ కూలడం మామూలు విషయం. మన చదువుల్లో ఒకసారి తప్పితే ఏడాది పోయిందంటారు, ర్యాంకు జారితే పరువు పోయిందంటారు. దిమ్మెల మేడ కూలినప్పుడు మాత్రం పిల్లలు నవ్వుతారు. పరిశోధనల సంగతికి వస్తే, అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయంలో గిరిజా కైమల్ బృందం 2016లో ప్రచురించిన అధ్యయనంలో 39 మంది పెద్దవాళ్లు 45 నిమిషాలపాటు మట్టితోనో, రంగులతోనో, కాగితం ముక్కలతోనో తమకు తోచినది చేసుకున్నాక, వారిలో సుమారు 75 శాతం మందికి ఒత్తిడిని సూచించే కార్టిసాల్ హార్మోను స్థాయి తగ్గింది. అంతకుముందు కళలో అనుభవం ఉన్నవారికీ లేనివారికీ ఇందులో తేడా కనబడలేదు. కొద్దిమందితో జరిగిన చిన్న అధ్యయనమే అయినా, "మావాడికి చేతిపని రాదండీ" అనే తల్లిదండ్రులకు ఈ ఆఖరి సంగతి చెప్పదగినది.

ఇక్కడ నేను మరింత గట్టిగా చెప్పదలచినది ఇంటర్ విద్యార్థుల గురించి. చిన్నపిల్లలకు ఆట అవసరమంటే కనీసం పైకి అందరూ ఒప్పుకుంటారు. పదహారేళ్లు వచ్చి, హాస్టల్‌లో చేరి, తెల్లవారుజామున స్టడీ అవర్‌తో లేచి రాత్రి స్టడీ అవర్‌తో పడుకునే పిల్లలకు ఆట అంటే యాజమాన్యాలకే కాదు, ఫీజు కట్టిన తల్లిదండ్రులకూ కోపం వస్తుంది. ఎక్కడెక్కడి జిల్లాల నుంచో వచ్చి విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల హాస్టళ్లలో చదువుకునే పిల్లలు వీళ్లు. విశాఖపట్నంలో నీట్ శిక్షణ తీసుకుంటూ మరణించిన ఒక విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో దేశమంతటికీ వర్తించే మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మందికి తగ్గకుండా విద్యార్థులున్న ప్రతి సంస్థ అర్హత గల కౌన్సెలర్‌నో మానసిక నిపుణుడినో నియమించాలని, మార్కులను బట్టి పిల్లలను బ్యాచ్‌లుగా విడదీయడం మానాలని, సిబ్బంది అందరికీ ఏడాదికి కనీసం రెండుసార్లు మానసిక ప్రథమ చికిత్సలో శిక్షణ ఇవ్వాలని అందులో ఉంది. కౌన్సెలర్ గది తెరవడం ఒక ఎత్తు, పిల్లలు ఆ గదిలోకి అడుగుపెట్టడం మరో ఎత్తు. ఆ తలుపు తోసుకుని లోపలికి వెళితే తనకేదో అయిందని తోటివాళ్లు అనుకుంటారన్న భయం ఉన్నంతకాలం ఆ కుర్చీ ఖాళీగానే ఉంటుంది. అదే గదిలో బల్ల మీద ఒక బుట్టెడు ఇటుకలో, చెక్కముక్కలో పెట్టి, భోజన విరామంలో ఎవరైనా వచ్చి కట్టుకోవచ్చని చెబితే, లోపలికి రావడానికి వాళ్లకు ఒక సాకు దొరుకుతుంది. మిగతా పని నెమ్మదిగా కౌన్సెలర్ చూసుకోగలరు.

ఈ గంటను ఎలా నడపాలన్నది కూడా ముఖ్యమే, ఎందుకంటే పెద్దవాళ్ల మాట ఒక్కటి చాలు దీన్ని చెడగొట్టడానికి. పెద్ద కంపెనీల్లో ఉద్యోగుల సమావేశాల కోసం ఇదే లెగో ఇటుకలతో 1990ల చివర్లో రూపొందిన ఒక పద్ధతిలో ఒక మంచి నియమం ఉంది. ప్రతి ఒక్కరూ తాము కట్టినదాన్ని తామే వివరిస్తారు. వినేవారు కట్టినదాని గురించి మాత్రమే ప్రశ్నించాలి, కట్టిన మనిషి గురించి కాదు. దీన్ని బడిలోకి అలాగే తీసుకోవచ్చు. "ఈ కిటికీ ఎందుకు మూసి ఉంది?" అని అడగవచ్చు, "నువ్వెందుకు దిగులుగా ఉన్నావు?" అని అడగకూడదు. పిల్లవాడు చెప్పదలచుకోకపోతే అదొక కిటికీ, అంతే. వంకరగా ఉందని, రంగు కుదరలేదని, పక్కవాడిది బాగుందని అనకూడదు. ఫొటో తీసి తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెట్టనే కూడదు. నల్లరంగు వాడితే దిగులు, ఎరుపు వాడితే కోపం అని అర్థాలు చెప్పే మిడిమిడి జ్ఞానం మరీ ప్రమాదకరం. పిల్లవాడు నల్లరంగు వాడటానికి కారణం సాధారణంగా మిగతా రంగులు అయిపోవడమే. పోటీలు, సర్టిఫికెట్లు, ముఖ్య అతిథులు ఈ గంట దరిదాపులకు రాకపోతే మంచిది.

ఖర్చు గురించి వెంటనే ప్రశ్న వస్తుంది. విదేశీ బ్రాండు ఇటుకల పెట్టెలు ప్రభుత్వ బడికి అందని ధరలో ఉన్న మాట నిజమే, అయితే అవే కావాలన్న నియమం లేదు. మనకు కూతవేటు దూరంలో కొండపల్లి ఉంది. అక్కడి కళాకారులు తెల్లపొణికి చెక్కను ఆరబెట్టి, కాచి, బొమ్మ చేతులూ కాళ్లూ తలా విడివిడిగా చెక్కి, చింతగింజల పొడిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. చేతిలో పట్టుకుంటే ఉందో లేదో అన్నంత తేలికైన చెక్క అది. కాలి మీద పడినా దెబ్బ తగలదు. దశావతారాలు, ఏనుగు అంబారీలు కొనేవారు తగ్గారని బాధపడే బదులు, రంగులు వేయని సాదా దిమ్మెలు, స్తంభాలు, కమానులు బడులకు సరిపోయే కొలతల్లో చేసి ఇవ్వమని బడుల కోసం ప్రభుత్వం నడిపే సమగ్ర శిక్ష పథకం అధికారులు వారికి ఆర్డరు ఇస్తే, పిల్లలకు ఆట వస్తువులు, వారికి ఏడాది పొడవునా పని దొరుకుతాయి. ఆ చెక్కకు మూలమైన చెట్టు కొండల్లో తగ్గిపోతోందన్న ఆందోళన కూడా ఉంది కాబట్టి, ఆర్డరుతోపాటు అటవీశాఖ మొక్కల పెంపకం మీద దృష్టి పెట్టాలి. అంతవరకు వడ్రంగి దుకాణాల్లో పారేసే ముక్కలను గరుకు కాగితంతో నునుపు చేసి వాడుకోవచ్చు. ప్లాస్టిక్ బొమ్మలు కొనేవారు 2021 జనవరి 1 నుంచి తప్పనిసరి అయిన ఐఎస్ఐ గుర్తు చూసి కొనాలి. మూడేళ్లలోపు పిల్లల దగ్గర గొంతులో ఇరుక్కునే చిన్న ముక్కలు ఉంచకూడదు. ఈ జాగ్రత్త అంగన్‌వాడీ కేంద్రాలకు మరీ అవసరం.

సమయం గురించి కూడా సాకు లేదు. రాష్ట్రంలోని ప్రభుత్వ బడుల్లో 2025-26 విద్యా సంవత్సరం నుంచి శనివారాన్ని నో బ్యాగ్ డేగా పాటిస్తున్నారు. సంచి లేకుండా వచ్చిన పిల్లలతో ఏం చేయించాలో తెలియక, కొన్నిచోట్ల బోర్డు మీద రాసి చదివిస్తున్నారని ఉపాధ్యాయ మిత్రులే నాతో అన్నారు. ఆ రోజున ఒక గంట ఈ ఆటకు ఇస్తే సరిపోతుంది. మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల కోసం కేంద్ర ప్రభుత్వం 2023 ఫిబ్రవరిలో విడుదల చేసిన జాదూయీ పిటారా పెట్టెలో బొమ్మలు, పజిళ్లు ఎలాగూ ఉన్నాయి. ఆరో తరగతికి వచ్చేసరికి అలాంటి పెట్టె ఏదీ లేకపోవడమే లోపం. ఫోన్‌లో ఇళ్లు కట్టే ఆటలు ఉన్నాయి కదా అని కొందరు తల్లిదండ్రులు అడుగుతుంటారు. వాటిని నేను తీసిపారేయను, వాటిలోనూ ఊహకు చోటుంది. అయితే తడి మట్టి వేళ్లకు అంటుకోవడం, ముక్క బిగిసినప్పుడు చేతికి తెలియడం, పక్కవాడి మోచేయి తగిలి మేడ కూలడం, దాని మీద తగువు పడి మళ్లీ కలవడం ఫోన్‌లో ఉండవు.

ఈ ఆట మందు కాదు. రోజుల తరబడి నిద్రపట్టని పిల్లలు, తిండి మానేసినవారు, చనిపోవాలని ఉందని ఒక్కసారైనా అన్నవారు, తమకు తాము గాయం చేసుకున్నవారు ఉంటే వారి ముందు దిమ్మెల బుట్ట పెట్టి ఊరుకోవడం నేరమే అవుతుంది. వారిని ఆలస్యం లేకుండా మానసిక వైద్యుల వద్దకు తీసుకెళ్లాలి. కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ సహాయ కేంద్రం 14416 నంబరులో రాత్రీ పగలూ ఉచితంగా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ఆట జరిపించే టీచరుకు ఈ హద్దు తెలిసి ఉండాలి, ఏ పిల్లవాడి విషయం ఎవరికి చెప్పాలో ముందే తేల్చుకుని ఉండాలి. నేను సింగ్‌నగర్ బడికి వెళ్లినప్పుడు అది తేల్చుకోకుండా ఆట మొదలుపెట్టనని ప్రధానోపాధ్యాయురాలితో చెప్పాను, ఆమె కూడా ఆరోగ్య కేంద్రంతో మాట్లాడి ఉంచారు.

బడుల బయట చేయగలిగినవి కూడా ఉన్నాయి. రాజీవ్ గాంధీ పార్కు, రాఘవయ్య పార్కు వంటి చోట్ల ఇనుప ఉయ్యాలల పక్కన పది అడుగుల ఇసుక గుంట ఒకటి తవ్వి, నడుము ఎత్తు గట్టు కట్టి, రాత్రిళ్లు కుక్కలు రాకుండా మూత వేసే ఏర్పాటు చేయడం నగరపాలక సంస్థకు పెద్ద ఖర్చు కాదు. ఇసుక మార్చడం, శుభ్రం చేయడం మాత్రం ఎవరో ఒకరి బాధ్యతగా రాసిపెట్టాలి, లేకపోతే ఆరు నెలలకు అది చెత్తకుండీ అవుతుంది. జనవరిలో జరిగే పుస్తక మహోత్సవంలో పిల్లలకు చిత్రలేఖనం, వ్యాసరచన పోటీలతోపాటు పోటీ లేని కట్టుకునే బల్ల ఒకటి పెట్టవచ్చు. వృద్ధాశ్రమాల వారు కూడా దీన్ని ఆలోచించాలి. టీవీ ముందు కుర్చీల్లో రోజంతా కూర్చునే పెద్దవాళ్లకు సంక్రాంతికి కొలువు పెట్టే పని అప్పగిస్తే, వాళ్లు ఎంత గొడవపడి, ఎంత హుషారుగా చేస్తారో ఒకసారి చూడండి.

నగరంలో నాలాంటి విశ్రాంత క్రాఫ్ట్, డ్రాయింగ్ ఉపాధ్యాయులు కొందరం శనివారాలు ఏ పారితోషికం లేకుండా బడులకు వచ్చి ఈ గంట నడపడానికి, ఆసక్తి ఉన్న టీచర్లకు నేర్పడానికి సిద్ధంగా ఉన్నాం. బయటివారిని బడిలోకి రానివ్వడానికి ప్రధానోపాధ్యాయులు పైనుంచి అనుమతి అడుగుతున్నారు, అది సబబే. జిల్లా విద్యాశాఖాధికారి, నగరపాలక సంస్థ విద్యా విభాగం కలిసి ఈ విషయం మీద ఒక సర్క్యులర్ ఇవ్వాలని, ఏ బడిలో ఎవరిని కలవాలో అందులో పేర్కొనాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. వేసవి సెలవులకు ముందే అది వస్తే, జూన్ 12న బడులు తెరిచేలోగా చెక్కముక్కలు సేకరించి, నునుపు పట్టించి, బడికొక బుట్ట చొప్పున సిద్ధం చేసి ఇవ్వగలం.

భవదీయురాలు,
విశ్రాంత క్రాఫ్ట్ ఉపాధ్యాయిని,
సత్యనారాయణపురం, విజయవాడ